అంగుళం నలభయ్యారు సెంట్ల వాన

గట్టుమల్లాపురం మెట్ట పరిశోధనా కేంద్రంలో పరిశోధన చేసే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతన్ని అందరూ నౌకరు అనేవాళ్ళు.

అతని పేరు కంబన్న. పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు ముళ్ళకంచె తలుపు తీసుకొని లోపలికి పోవడం, నేలలో సగం దాకా పాతిన వానమాపకం (ఊళ్ళో దాన్ని వానచెంబు అంటారు) రాగి గరాటు ఎత్తడం, అడుగునున్న సీసా తీసి అందులోని నీళ్ళను గాజు కొలగొట్టంలో పోయడం, మోకాళ్ళ మీద వంగి కన్నును నీటిమట్టానికి సరిగ్గా తెచ్చి చదవడం, చదివింది రిజిస్టరులో రాయడం, ఇదీ అతని పని. అంగుళానికి నూరు సెంట్లు. నీళ్ళుంటే అంగుళాలూ సెంట్లూ రాస్తాడు, లేకపోతే సున్న పెడతాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు. చలిజ్వరంతో వణుకుతున్న రోజున కూడా గొంగడి కప్పుకొని పోయి చదివి వచ్చాడు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషికి లోకంలో గర్వపడడానికి ఏదో ఒకటి ఉండాలి గదా. కంబన్నకు ఆ రిజిస్టర్లు ఉన్నాయి.

పందొమ్మిది వందల యాభై రెండు జూన్ నెలలో ఆ రిజిస్టరు నిండా సున్నలే. వరసగా మూడో ఏడు వానలు లేవు. నల్లరేగడి నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చింది. చుట్టుపక్కల మూడూళ్ళ జనం కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టి, ఆ కూలితో గంజి కాచుకుంటున్నారు. కంబన్న భార్య రామేశ్వరమ్మ కూడా అక్కడే సుత్తి పట్టింది.

కేంద్రానికి అధికారి డాక్టర్ ఓబుళరెడ్డి. రాజంపేట వైపు పెద్ద భూస్వాముల ఇంటి బిడ్డ, ఇంగ్లీషు శీమలో చదివొచ్చిన మనిషి. అంత భూమి మధ్య పుట్టినా ఆయనకు మట్టి అంటే పడదు. బూట్లు పాడవుతాయని జొన్న మళ్ళలోకి దిగేవాడు కాదు. ఆయన పరిశోధనంతా బల్ల మీదే. చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒకటి మద్రాసు నుంచి తెప్పించుకొని, పొద్దస్తమానం దాని పిడి గరగరా తిప్పుతూ, ఆ ప్రాంతంలో నలభై ఏళ్ళుగా పడ్డ వానలను కూడి, తీసివేసి, గుణించి, గళ్ళకాగితం మీద అలలా లేచి పడే ఒక గీత గీశాడు. పదకొండేళ్ళకు ఒకసారి ఆ అల లేస్తుందట. ఆ లెక్క ప్రకారం ఈ జూన్ రెండో పక్షంలో విత్తనపు వాన పడి తీరాలట. ఈ సంగతంతా వ్యాసంగా రాసి మద్రాసులోని ఒక శాస్త్రసభకు పంపించి, ఆయన కూడా మూడూళ్ళ రైతులతో పాటు ఆకాశం వైపు చూస్తున్నాడు. రైతులు చూసేది వాన కోసం, ఆయన చూసేది వ్యాసం కోసం.

చిక్కల్లా కంబన్న చుక్కలతోనే. పాత ముప్పయ్యొక్క ఏళ్ళ అంకెల చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఎందుకు కూర్చోవు, వాటిని చూసే గదా గీత గీసింది! ఈ కేంద్రంలో కంబన్న కొలిచిన తొమ్మిదేళ్ళ చుక్కలు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి, ఎక్కడెక్కడో పడ్డాయి.

"నీ చుక్కలు తాగినోళ్ళ మాదిరి తిరుగుతాండాయిరా," అనేవాడు ఓబుళరెడ్డి. "కన్ను ఆనదా నీకు?"

"వాన అట్లనే పడినాది సార్."

"నువ్వు ఆలోచన చేయొద్దు. సీసాలో ఎంతుంటే అంత రాయి. ఆలోచన చేసేదానికి నేనుండా."

కంబన్న తల ఊపేవాడు. వాన ఈయప్పను అడిగి పడాల్నా అని లోపల అనుకునేవాడు. ఏలినవారి ముందు తల ఊపడం, లోపల తిట్టుకోవడం, ఈ రెండు పనులూ ఒకేసారి చేయగలగడం కూడా ఒక ఉద్యోగ లక్షణమే. అతను తొమ్మిదేళ్ళలో అందులో ఆరితేరాడు.

ఆ ఆదివారం డాక్టరు కర్నూలులో ఉన్నాడు. కంబన్న సంతకు పోయి చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కప్పతల్లి ఆడుతున్నారని దారిలోనే తెలిసింది. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరిగి దాని మీద నీళ్ళు పోయించడం అక్కడి ఆనవాయితీ. ఈ ఏడు నీళ్ళున్న గుంట లేదు, కప్ప దొరకలేదు. మట్టి కప్పను చేసి కట్టారట. కంబన్న నవ్వుకున్నాడు. తన రిజిస్టర్లలో ఎక్కడ వెతికినా కప్పకూ వానకూ పొత్తు కుదిరిన దాఖలా లేదు.

సోమవారం పొద్దున గరాటు ఎత్తి సీసా పట్టుకుంటే బరువుగా ఉంది. కంబన్న దాన్ని ఒకసారి ఊపాడు. తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. కిందికి చూశాడు. నిన్న పొద్దున తను వేసిన అడుగులు దుమ్ములో వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాటి చుట్టూ ఆడవాళ్ళ అడుగులు, కాలి మెట్టెల గుర్తులతో సహా. గరాటు అంచున ఒక వేపాకు అతుక్కుని ఉంది.

ఆ ఆకును వేలితో తీసి పడేసి, నీళ్ళను కొలగొట్టంలోకి వంచాడు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, మంచి పసుపు పచ్చ. కొలగొట్టంలో యాభై సెంట్లకు మించి పట్టదు. మొదటిసారి నిండుగా యాభై. రెండోసారి యాభై. మూడోసారి నలభయ్యారు. కొలిచిన నీళ్ళను పారబోయకుండా ఖాళీ మందుసీసా ఒకటి తెచ్చి దాని నిండా పట్టి, బిరడా పెట్టాడు.

రాయాలా వద్దా? సీసాలో ఎంతుంటే అంత రాయమని ఆజ్ఞ. రాశాడు, అంగుళం నలభయ్యారు సెంట్లు. కానీ చెయ్యి ఊరుకోలేదు. చివరి గడిలో, వివరాలు అని ఉన్న చోట, చిన్న అక్షరాలతో ఇంకొక మాట చేర్చాడు: "వాన పడలేదు. ఎవరో పసుపునీళ్ళు పోసినారు." రెండూ నిజమే. రాసి, సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరు మూశాడు.

పది గంటలకు డాక్టరు జీపు వచ్చింది. దాని వెనక లేచిన దుమ్ము కేంద్రం పెంకుల మీదికి పోయి అక్కడే చాలాసేపు వేలాడింది. ఓబుళరెడ్డి దిగి, కళ్ళద్దాలు తీసి, రుమాలుతో వాటి మీది దుమ్ము తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ కళ్ళద్దాలతోనే రాత్రి అంగుళం నలభయ్యారు సెంట్ల వాన పడిందని చదివాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. "పడినాదిరా! చెప్పలేదా నేను?"

"సార్, పక్క గడిలో..."

ఓబుళరెడ్డి పక్క గడి చదివాడు. వెలుగు తగ్గలేదు, కోపం మాత్రం దానికి తోడయింది. "వివరాల గడి నాది. దాంట్లో రాసేదానికి నువ్వెవరు?" జేబులోంచి కలం తీసి కంబన్న రాసిన మాట మీద అడ్డంగా, నిలువుగా, ఒక్క అక్షరం కనబడకుండా గీతలు కొట్టాడు.

కంబన్న మందుసీసా బల్ల మీద పెట్టాడు. "ఇవే సార్ ఆ నీళ్ళు. రంగు చూడండి."

"రాగి చిలుము."

"చిలుము ఆకుపచ్చగా ఉంటాది గదా సార్. ఇది పసుపు. వాసన గూడా..."

"రసాయన శాస్త్రం నువ్వు నాకు చెప్తావా?" డాక్టరు సీసాను వేలికొసతో బల్ల చివరకు నెట్టాడు. "పరికరం అబద్ధం చెప్పదు, కంబన్నా. మనిషి చెప్తాడు. చెంబు నిండినాది, అంటే వాన పడినాది. పో, పోయి టపా మనిషిని పిలుచుకొనిరా."

మద్రాసుకు తంతి పోయింది. తాసిల్దారుకు ఉత్తరం పోయింది. కిటికీలోంచి చూస్తే పది గజాల దూరంలో నేల నోరు తెరుచుకుని ఉంది. ఓబుళరెడ్డి ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, గళ్ళకాగితం మీద కొత్త చుక్క పెట్టాడు. చుక్క సరిగ్గా గీత మీద పడింది.

సాయంత్రం రామేశ్వరమ్మ పని నుంచి వచ్చి, సుత్తి మూలన పెట్టి, చేతులు కడుక్కోవడానికి చెంబు వంచింది. ఆమె గోళ్ళ సందున పసుపు ఉంది.

"నువ్వేనా?" అన్నాడు కంబన్న.

"నేనే." దాపరికమేమీ లేదు. "కప్పతల్లి ఆడతాంటే ఈరక్క మొదలు చెప్పినాది, అందరం ఔనన్న్యాం. తలుపు తీసింది నేను, పోసింది నేను."

"బుద్ధుండాదా మీకు? అది సర్కారు సామాను!"

"రోజూ పొద్దున్నే లేసి ఖాళీ చెంబు మొగం సూస్తావు. సూసి సున్న రాస్తావు. బయలెల్లిన మనిషికి ఖాళీ కడవ ఎదురైతే ఎనక్కి తిరుగుతాడే, మరి వాన ఎట్ల వస్తాది? మూడేండ్లయినాది ఆ చెంబు ఎండబట్టి. ఒక్క దినమన్నా నిండు చెంబు సూస్తావని పోసినాం."

"కొలిచేదానికి పెట్టిన చెంబు మే అది! వాన వస్తే చెంబు నిండుతాది గానీ, చెంబు నిండితే వాన వస్తాదా?"

"నీకేం తెలుసు? నువ్వు సదువుకున్న్యావు," అంది రామేశ్వరమ్మ, జాలిగానే.

కంబన్న తల పట్టుకున్నాడు. ఆలోచిస్తే నవ్వు కూడా వచ్చింది. చెంబు నిండితే వాన వస్తుందని ఈరక్క అంటుంది, చెంబు నిండింది కాబట్టి వాన పడిందని డాక్టరు అంటాడు. ఏడు సముద్రాలు దాటి చదివొచ్చిన మనిషీ, ఏలిముద్ర మనిషీ ఒకే చోటికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ఈరక్కే నయం. ఆమె ఇంట్లో గంజికుండలో ఉండాల్సిన నీళ్ళు పోయించింది. ఓబుళరెడ్డి ఉత్త సిరా పోశాడు.

బుధవారం మధ్యాహ్నం కరువు పని దగ్గర మేస్త్రీ గిడ్డయ్య ఈల ఊది, అందరినీ పోగుచేసి, తాసిల్దారు కాగితం చదివాడు. గట్టుమల్లాపురం ఫిర్కాలో విత్తనపు వాన పడినట్టు పరిశోధనా కేంద్రం వారు తెలిపినందున, కూలీలు సేద్యపు పనులకు పోవలసి ఉన్నందున, పరిశోధనా కేంద్రం వారి ధ్రువపత్రం అందగానే, ఆదివారం నుంచి ఇక్కడి పని ఎత్తివేయడమవుతుంది.

"యాడ పడినాదప్పా వాన?" అని అడిగింది ఈరక్క. ఆమెకు కొడుకు లేడు, ఇద్దరు మనవరాళ్ళు ఉన్నారు, ముగ్గురి గంజీ ఆమె సుత్తి మీదే నడుస్తోంది.

గిడ్డయ్య కాగితం మళ్ళీ చూసుకున్నాడు. "ఈడే పడినాదంట."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాము పోసిన చెంబెడు నీళ్ళు తిరిగి తిరిగి తమ గంజికుండ మీదికే వచ్చి పడ్డాయని తెలుసుకోవడానికి వాళ్ళకు లెక్కల యంత్రం అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం రామేశ్వరమ్మ ఇంటికి వచ్చి సుత్తి కూడా దించకుండా గడపలోనే నిలబడింది. "నువ్వు పోయి ఆయప్పకు చెప్పు."

"చెప్పినా గదా. ఎవరు పోసినారంటాడు. పేరు అడుగుతాడు."

"నా పేరు చెప్పు."

"సర్కారు సామాను ముట్టుకున్న్యారని పోలీసోళ్ళను పిలుస్తాడు. నీ ఒక్కదాంతో పోదు. ఈరక్కను పిలుస్తారు, అందరినీ పిలుస్తారు. పనిలోంచి పేర్లు కొట్టేస్తారు. ఇంక పని ఉంటే ఎంత, పోతే ఎంత?"

రామేశ్వరమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. తర్వాత సుత్తి మూలన పెట్టి, "మూడూళ్ళ జనం," అంది. అంతే అంది.

కంబన్న మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాడు. ఓబుళరెడ్డి యంత్రం పిడి తిప్పుతున్నాడు.

"సార్, ఒక్కసారి మడిలోకి వచ్చి చూడండి సార్. మీ బూట్లకు పిసరంత తడి అంటితే నా పేరు మార్చుకుంటా."

"నల్లరేగడి నేలరా అది. నెర్రెల్లోకి ఇంకిపోతాది. చదువుకో." పిడి ఆగలేదు. "పోశారంటావు గదా, ఎవరు పోశారో చెప్పు. చేతులకు బేడీలు వేయిస్తా. చెప్పలేవా? అయితే అది వానే."

ఇంతకన్నా గట్టి రుజువు ఏ శాస్త్రంలో ఉంటుంది? కంబన్న బయటికి వచ్చి, కంచె దగ్గర ఉమ్మేశాడు.

గురువారం తాసిల్దారు స్వయంగా వచ్చాడు. పని ఎత్తివేయాలంటే కేంద్రం అధికారి సంతకంతో ధ్రువపత్రం కావాలట. లావుపాటి మనిషి, ఎండకు ఉడికిపోయి ఉన్నాడు. జీపు దిగి నాలుగడుగులు వేసి, నెర్రెలో కాలు పడబోతే తమాయించుకుని, చేతికర్రతో మట్టిగడ్డను ఒకదాన్ని పొడిచాడు. గడ్డ పగిలి పొడి లేచింది.

"ఏం డాక్టర్‌గారూ, నేల ఇట్ల ఉండాది, మీ కాగితం అట్ల ఉండాది."

"ఉపరితలం చూసి చెప్పేది కాదండీ ఇది." ఓబుళరెడ్డి గళ్ళకాగితం పరిచి గీత మీద కలం నడిపించాడు. అల ఎక్కడ లేచిందో, ఎందుకు లేచిందో, కొత్త చుక్క ఎంత చక్కగా కూర్చుందో చెప్పాడు. నిన్ననే మద్రాసు నుంచి అభినందన తంతి వచ్చిందనీ చెప్పాడు. తాసిల్దారు ఆవులింత ఆపుకుంటూ విన్నాడు.

"నాకు గీతలు తెలీవు. నేల నాకు రిపోర్టు రాయదు. మీరు రాస్తే నేను పైకి పంపిస్తా. సంతకం పెట్టండి, పోతా."

ఓబుళరెడ్డి కలం తెరిచాడు. కంబన్న అప్పుడే మజ్జిగ గ్లాసు తెచ్చి తాసిల్దారు ముందు పెడుతున్నాడు. కలం పాళీ కాగితానికి ఆనేలోపల గ్లాసు వదలకుండానే అన్నాడు.

"నేను పోసినా సార్."

ఇద్దరూ తలెత్తారు.

"వానచెంబులో నీళ్ళు నేను పోసినా. వాన పడలేదు."

"ఎందుకు పోశావు?" అన్నాడు తాసిల్దారు.

కంబన్న ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. ఎన్ని అంకెలైనా చెప్పగలడు గానీ, అబద్ధం చెప్పడం అలవాటు లేదు. నోటికి అందిన కారణం ఒక్కటే. అది అతను మొన్న తిట్టిపోసిన కారణం.

"పొద్దున్నే ఖాళీ చెంబు మొగం చూడలేక పోసినా సార్. మూడేండ్లుగా అదే చూస్తాండా. ఖాళీ చెంబు ఎదురైతే వాన ఎనక్కి పోతాదని..."

తాసిల్దారు పొట్ట ఊగేలా నవ్వాడు. "పరిశోధనా కేంద్రమప్పా ఇది! డాక్టర్‌గారూ, మీ శాస్త్రజ్ఞుడు బాగుండాడు." తొమ్మిదేళ్ళు మోకాళ్ళ మీద వంగి కన్ను నీటిమట్టానికి తెచ్చి చదివినవాడు, తను ఎన్నడూ నమ్మని మూఢత్వాన్ని తన పేరు మీద రాయించుకుంటున్నాడు. తాసిల్దారు నవ్వు ఆపుకుని, గుమాస్తా చేత వాంగ్మూలం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ధ్రువపత్రం మడిచి చించేశాడు. కరువు పని యథాప్రకారం జరుగుతుందని అక్కడికక్కడే ఒక చీటీ రాసి గిడ్డయ్యకు పంపించాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఓబుళరెడ్డి కలం మూశాడు. మొహం నల్లబడింది. గళ్ళకాగితం ముందు పెట్టుకుని పొద్దు వాలేదాకా కదలకుండా కూర్చున్నాడు. కంబన్నకు ఆయన మీద ఒక్క క్షణం జాలి కూడా కలిగింది. అనవసరంగా కలిగింది.

శుక్రవారం పొద్దున పిలుపు వచ్చింది. ఉద్యోగం పోతుందని కంబన్నకు తెలుసు. దానికి సిద్ధపడే ఉన్నాడు. ఇంట్లో చెప్పాడు, రామేశ్వరమ్మ సరే అంది. ఆఫీసు గదిలోకి పోయేసరికి ఓబుళరెడ్డి చొక్కా చేతులు మడిచి, హుషారుగా కూనిరాగం తీస్తున్నాడు. బల్ల మీద తొమ్మిది రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. పక్కన కొత్తగా చెక్కిన ఎర్ర పెన్సిలు.

"రారా. నువ్వు చేసిన మేలు నీకే తెలీదు." ఓబుళరెడ్డి పైనున్న రిజిస్టరు తెరిచాడు. "గాలికి పేజీలు ఎగురుతాండాయి, పట్టుకో."

కంబన్న పట్టుకున్నాడు. రెండు అరచేతులతో పేజీ రెండంచులూ బల్లకు అదిమి పెట్టాడు. ఓబుళరెడ్డి పై మూల నుంచి కింది మూల దాకా ఒక ఎర్రగీత లాగి, దాని మీద 'నమ్మదగినది కాదు' అని రాసి పొడి సంతకం పెట్టాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ గీత.

"సార్, ఏందిది?"

"నీ చుక్కలు నా గీత మీద ఎందుకు కూర్చోలేదో నిన్న తెలిసినాది గదా. కొలిచేవాడే చెంబులో నీళ్ళు పోసేవాడైతే ఎట్ల కూర్చుంటాయి? నీ సంతకంతోనే ఉండాది రుజువు, తాసిల్దారు ఎదుట పెట్టింది. ఈ తొమ్మిదేండ్లవీ తీసేస్తే, మిగిలిన ముప్పయ్యొకటీ గీత మీద ముత్యాల మాదిరి ఉండాయి. వ్యాసం మళ్ళా రాసి పంపిస్తాండా."

"ఒక్క దినం గదా సార్ నేను పోసింది."

"ఒక్క దినం పోసినోడు పది దినాలు పోయలేదని ఏం నమ్మకం? పట్టుకో సరిగా."

నేను పోయలేదు సార్, అని కంబన్న నోట ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఎవరు పోశారన్నది వెనకే వస్తుంది. తాసిల్దారు చీటీ వెనక్కి పోతుంది. మూడూళ్ళ సుత్తులు మూలన పడతాయి. కంబన్న పేజీని ఇంకొంచెం గట్టిగా అదిమాడు.

ఏడాదికి పన్నెండు పేజీలు. తొమ్మిదేళ్ళకు నూటికి పైన. జ్వరంతో గొంగడి కప్పుకొని చదివిన పొద్దు పోయింది. తెల్లవారుజామున ఉరుములకు లేచి ఎనిమిదయ్యేదాకా కంచె దగ్గర కాచుకొన్న పొద్దు పోయింది. ఒక చోట అంకె దిద్దుబాటయిందని పక్కనే తన పేరు రాసుకున్న పొద్దు పోయింది. మధ్యలో పెన్సిలు అరిగితే డాక్టరు చెక్కుకోవడానికి ఆగాడు. ఆ కాసేపూ కంబన్న తెరిచిన పేజీ మీద చేతులు తియ్యకుండా నిలబడే ఉన్నాడు. దొంగతనం చేసేవాడికి మూట పట్టుకొని సాయం చేసినట్టుంది అతనికి. చివరి గీత లాగాక ఓబుళరెడ్డి చేతులు దులుపుకుని, ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం అందించాడు.

"ఇంక నువ్వు పోవచ్చు."

కంబన్న జీవితంలో మొదటిసారి ఆయన ముందు తల ఊపలేదు. ఊపకపోవడాన్ని ఓబుళరెడ్డి గమనించను కూడా లేదు.

శనివారం పొద్దున కంబన్న భార్య వెంట కరువు పనికి పోయాడు. గిడ్డయ్య పేరు రాసుకుని సుత్తి ఇచ్చాడు. రాయి కొట్టడం చూడడానికి తేలికే గానీ, పది దెబ్బలకు బొబ్బ లేచింది. ఈరక్క తన చోటు నుంచి లేచి వచ్చి, చీరె కొంగు అంచు పర్రున చించి, అతని వేళ్ళకు ఒక్కొక్కదానికీ చుట్టింది. నీళ్ళు పోసిన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

కాసేపటికి ఆమే అడిగింది. "నీ బుక్కులు ఎవరికిచ్చినావు కంబన్నా?"

"ఆయప్పకే. ఎర్ర పెన్సిలుతో కొట్టేసినాడు. తొమ్మిదేండ్లవీ."

"కొట్టేస్తే ఏమయితాది?"

"ఆ వానలు లెక్కలో లేవు ఇంక. పడలేదన్నట్టే."

సుత్తులు ఒకటొకటిగా ఆగాయి. ఇది వాళ్ళకు కొత్తగా ఉంది. వడ్డీవాడు పొలం రాయించుకోవడం విన్నారు గానీ, పడిపోయిన వానను కొట్టేసే మనిషిని వినలేదు.

"నా ఎద్దును వంక పొంగి ఎత్తుకపోయినాదే, ఆ వానో?" అన్నాడు గిడ్డయ్య.

కంబన్న చెయ్యి ఆపకుండా చెప్పాడు. "నలభై నాలుగు అక్టోబరు. నాలుగంగుళాల పన్నెండు సెంట్లు. అది గూడా పడలేదంట."

"అయితే నా ఎద్దు ఉండాలే! పోయి ఆయప్పను అడుగుతా." అందరూ పకపకా నవ్వారు.

"మా పిల్ల పెండ్లిలో పందిరి పడేసినాదే, అది?"

"నలభై ఎనిమిది మే. తొంభై సెంట్లు. అదీ పడల్యా."

"మా మిద్దె కూలింది?"

"నలభై అయిదు సెప్టెంబరు. మూడంగుళాల ఇరవై. ల్యా."

ఒక్కొక్కరూ తమ వానను అడుగుతున్నారు, కంబన్న చూసి చదివినంత సులువుగా తేదీ, అంగుళాలు, సెంట్లు చెబుతున్నాడు, చెప్పిన ప్రతిదానికీ జనం విరగబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు అంతా ఓబుళరెడ్డి మీదే. శీమలో చదివి, జీపెక్కి వచ్చి, ఊరందరి నెత్తిన పడ్డ వానను పెన్సిలుతో తుడిచిన ఆ పెద్దమనిషి మీద. అయిదు రోజుల తర్వాత కంబన్న మొహంలో కూడా నవ్వు వచ్చింది.

రామేశ్వరమ్మ ఒక్కతే నవ్వలేదు. చేతిలో సుత్తి ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"సున్నలో?" అంది.

"ఏ సున్నలు?"

"ఈ మూడేండ్లుగా పొద్దున్నే రాసినావే. అవి గూడా కొట్టేసినాడా?"

"అవీ కొట్టేసినాడు."

"అంటే కరువు గూడా రాలేదన్నమాట." రామేశ్వరమ్మ చుట్టూ ఉన్న కంకర కుప్పలను చూసింది, వేళ్ళకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళను చూసింది. "మరి మనమంతా ఈడ ఎందుకు రాళ్ళు కొడతాండాం?"

నవ్వు ఆగిపోయింది. అందరూ కంబన్న వైపు చూశారు, ఇందాకటి నుంచి అన్నిటికీ జవాబు చెబుతున్నది అతనే గదా అని. గిడ్డయ్య ఈల ఊదాడు. కంబన్న పెద్ద రాయి ఒకటి ముందుకు లాక్కుని కొట్టసాగాడు.